సీసా మీది 1763: హైన్ కోన్యాక్ ఇల్లు, దాని రుచి వెనుక లెక్క

మన ఊళ్లలో మద్యం అమ్మే దుకాణం ఏదైనా అది బ్రాందీ షాపే. లోపల కొనేది బీరు కావచ్చు, విస్కీ కావచ్చు, జనం నోట మాత్రం అది బ్రాందీ షాపు. ఇంతగా మన మాటైపోయిన ఈ పదం అసలు ఏ పానీయానిదో, దాన్ని మూడు వందల ఏళ్లకు పైగా కాస్తున్న ఊళ్లలో ఏ లెక్కతో తూస్తారో తెలిసినవారు తక్కువ. విదేశం నుంచి వచ్చిన బంధువు విమానాశ్రయంలో కొన్న సీసాను బల్ల మీద పెట్టినప్పుడు ఆ తికమక బయటపడుతుంది. ఆ మధ్య మా బంధువుల ఇంట్లో ఒక పెద్దాయన హైన్ కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "1763 నాటిదా బాబూ ఇది?" అని ఆశ్చర్యపోయారు. పక్కనున్న కుర్రవాడు, "షాంపేన్ అని కూడా రాసి ఉంది పెదనాన్నా, ఇది షాంపేనేమో" అన్నాడు. ఇద్దరూ పొరబడ్డారు. అయితే తప్పు వారిది అనలేం. ఆ పెట్టె మీది మాటలు ఆ వ్యాపారం లోపలివారి కోసం పుట్టిన మాటలు. వాటి వెనుక ఒక నేల, ఒక చట్టం, ఒక కుటుంబ కథ ఉన్నాయి.

ఈ పానీయం రెండేళ్లుగా వాణిజ్య వార్తల్లోనూ నలుగుతోంది. ఐరోపా బ్రాందీ మీద చైనా 2024 జనవరిలో విచారణ మొదలుపెట్టి, 2025 జులైలో 27.7 నుంచి 34.9 శాతం వరకు సుంకం ప్రకటించింది. కనీస ధరకు తగ్గించి అమ్మబోమని మాట ఇచ్చిన 34 సంస్థలను మాత్రం దాని నుంచి మినహాయించింది. అదే ఏడాది ఐరోపా సరుకుల మీద అమెరికా 15 శాతం సుంకం వేసింది. తయారైన సరుకులో 95 శాతానికి పైగా దేశం దాటి అమ్ముడుపోయే పరిశ్రమకు ఇవి చిన్న దెబ్బలు కావు. ఆ వార్తలన్నిటిలోనూ "కోన్యాక్ ఇళ్లు" అనే మాట కనిపిస్తుంది. కంపెనీ అనకుండా ఇల్లు అని ఎందుకు అంటారు? ఇంటికి ఒక రుచి ఉంటుందని అంటారే, అది ఎక్కడి నుంచి వస్తుంది? హైన్ ఇంటినే ఉదాహరణగా తీసుకుని ఈ చిక్కుముడి విప్పుదాం.

బ్రాందీ అంతా కోన్యాక్ అవుతుందా?

బ్రాందీ అంటే పండ్ల రసాన్ని పులియబెట్టి, ఆ పులిసిన రసాన్ని బట్టీలో కాచి తీసిన సారా. ఎక్కువ చోట్ల ఆ పండు ద్రాక్ష. మాట డచ్చి భాషది: "బ్రాండెవైన్", అంటే కాల్చిన వైన్. 17వ శతాబ్దం ఆరంభంలో మన మచిలీపట్నంలో కొఠీ పెట్టి కలంకారీ బట్టలు కొన్న డచ్చి వర్తకులే, ఇటు ఫ్రాన్స్ నైరుతి తీరంలో ఉప్పు, వైన్ కొనేవారు. షారాంత్ నది మీదుగా పడవల్లో వచ్చిన పలచటి వైన్ ఓడ ప్రయాణంలో చెడిపోయేది. కాచి సారాగా మార్చితే చెడదు, చోటూ తక్కువ పడుతుంది. ఆ అవసరం నుంచి పుట్టిన సరుకు, పీపాల్లో నెలల తరబడి ఉండిపోయినప్పుడు ఇంకా బాగుపడుతోందని తర్వాత గమనించారు.

కోన్యాక్ ఆ షారాంత్ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఊరి చుట్టూ చట్టం గీసిన హద్దుల్లో పండిన తెల్ల ద్రాక్షను, చట్టం చెప్పిన పద్ధతిలో రాగి బట్టీలో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు నిలవ ఉంచితేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. హద్దులు గీసింది 1909లో; పూర్తి స్థాయి నియమావళి 1936లో వచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కూ, బంగినపల్లి మామిడికీ ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది. భారతదేశపు భౌగోళిక గుర్తింపుల పట్టికలో కోన్యాక్ కూడా నమోదై ఉంది కాబట్టి, ఇక్కడ కూడా ఎవరు పడితే వారు ఆ పేరు వాడుకోవడానికి లేదు.

మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్మేది వేరే సంగతి. అందులో అధికభాగానికి ఆధారం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దానికి కొంత ద్రాక్ష స్పిరిట్‌నో, రంగునో, వాసననో చేరుస్తారు. ద్రాక్ష నుంచే పూర్తిగా తీసిన భారతీయ బ్రాందీలు లేకపోలేదు గానీ అవి తక్కువ. పేరు ఒకటే అయినా సరుకు పుట్టుకే వేరు కాబట్టి, రెంటినీ ఒకే తక్కెడలో వేసి చూడడం ఎటువైపు చూసినా న్యాయం కాదు.

పెట్టె మీదికి షాంపేన్ ఎలా వచ్చింది?

కుర్రవాడి సందేహానికి జవాబు నేలలో ఉంది. "షాంపేన్" అనే మాటకు లాటిన్ మూలం "కంపానియా", అంటే చెట్లు లేని బయలు, మైదానం. ఫ్రాన్స్‌లో అలాంటి సుద్దనేల మైదానాలు ఒకటికి మించి ఉన్నాయి. నురగ వైన్‌కు పేరుపడింది ఈశాన్యాన ఉన్నది. కోన్యాక్ దగ్గర ఉన్నది ఇంకొకటి. ఈ రెంటికీ నేల పోలిక తప్ప పానీయం పోలిక లేదు.

కోన్యాక్ ప్రాంతాన్ని ఆరు మండలాలుగా విభజించారు. నడిబొడ్డున గ్రాండ్ షాంపేన్, దాన్ని ఆనుకుని పెటీట్ షాంపేన్, ఉత్తరాన చిన్నదైన బోర్డరీ, వాటి చుట్టూ ఒకప్పుడు అడవులుండే ఫాన్ బ్వా, బాన్ బ్వా, బ్వా ఆర్డినేర్. "బ్వా" అంటే అడవి. 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త ఆన్రీ కోకాన్ ఈ నేలలను తిరిగి పరిశీలించాడు. వర్తకులు నాలుకతో చెప్పిన తేడాలు, ఆయన రాళ్లలో చూసిన తేడాలు చాలావరకు ఒకే గీత మీద కలిశాయని ఇక్కడ చెప్పుకుంటారు. గ్రాండ్ షాంపేన్ నేలలో మెత్తటి సుద్ద. వానాకాలం నీటిని స్పంజిలా పీల్చి పెట్టుకుని, ఎండల్లో వేళ్లకు కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ నేల నుంచి వచ్చిన సారా మొదట బిరుసుగా ఉండి, పీపాలో ఏళ్లకేళ్లు తీసుకుని నెమ్మదిగా విచ్చుకుంటుంది. అడవి మండలాల సారా త్వరగా మెత్తబడుతుంది, అంత దూరం ప్రయాణించదు.

"ఫైన్ షాంపేన్" అని ఉంటే ఆ సీసాలో గ్రాండ్, పెటీట్ షాంపేన్ మండలాల సారా తప్ప మరొకటి లేదని, అందులో కనీసం సగం గ్రాండ్ షాంపేన్‌దేనని అర్థం. హైన్ ఇల్లు తన సరుకులో ఈ రెండు మండలాలకే పట్టం కట్టింది. ఆ ఇంటి బాణీలో మొదటి స్వరం ఇదే.

బట్టీ దగ్గర ఒక విడత లెక్క

కోన్యాక్ కోసం చేసే వైన్‌ను నేరుగా తాగితే ఎవరికీ నచ్చదు. పులుపు ఎక్కువ, ఆల్కహాల్ 9 శాతం చుట్టుపక్కలే. ఆ రెండు లోపాలే బట్టీకి కావలసిన గుణాలు. గంధకపు మందు కలపడం ఇక్కడ నిషిద్ధం కాబట్టి, చలికాలంలో కాచేవరకు వైన్‌ను చెడకుండా కాపాడేది ఆ పులుపే. ఆల్కహాల్ తక్కువ కావడం వల్ల చాలా వైన్‌ను కాచి కొంచెంగా చేయాలి. దానితోపాటు ద్రాక్ష వాసన కూడా చిక్కబడుతుంది.

2,500 లీటర్ల వైన్ తీసుకుందాం. 9 శాతం అంటే అందులో 225 లీటర్ల ఆల్కహాల్ ఉంది. మొదటి కాపులో దాన్ని 30 శాతం దగ్గరికి తెస్తారు. మబ్బుగా ఉండే ఆ ద్రవం పేరు బ్రూయీ. రెండో కాపులో 70 శాతం చుట్టుపక్కలకు చేరుస్తారు. ఆల్కహాల్ చుక్క పోకుండా నిలిస్తే 321 లీటర్లు రావాలి. ఆచరణలో తొమ్మిది లీటర్ల వైన్‌కు ఒక లీటరు సారా అనేది ఇక్కడి వాడుక లెక్క, అంటే 280 లీటర్ల లోపే.

ఆ తేడా ఎక్కడ పోయిందో చూడాలంటే రెండో కాపు దగ్గర నిలబడాలి. బట్టీ నుంచి గొట్టం కొసకు మొదట వచ్చే ధార ముక్కును పొడిచేలా ఘాటుగా ఉంటుంది. దాన్ని "తల" అంటారు, పక్కకు తీస్తారు. తర్వాత నీళ్లలా తేటగా, పూలవాసనతో వచ్చేది "గుండె". చివర ధార బలం తగ్గి, తడిసిన గడ్డి వాసన మొదలవుతుంది; అది "తోక". గుండె ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కొలిచే సాధనాలు ఉన్నాయి. అయినా బట్టీ కాచే మనిషి చిన్న గాజు గ్లాసులో కాస్త పట్టుకుని వాసన చూస్తాడు. ఒక్క నిమిషం తొందరపడితే ఘాటు కలుస్తుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే బరువు కలుస్తుంది. ఇదంతా పంట తర్వాతి మార్చి 31లోగా ముగిసిపోవాలని నియమం. ఎండ ముదిరితే వైన్ ఆగదు.

ఇళ్ల మధ్య దారులు ఇక్కడే చీలతాయి. వైన్ అడుగున పేరుకునే ఈస్ట్ మడ్డిని తీసేసి కాస్తుంది మార్టెల్. ఆ సారా తేలికగా, పండు వాసనతో ఉంటుంది. మడ్డితో కలిపే కాస్తుంది రెమీ మార్టిన్; ఆ సారా చిక్కగా, నోట్లో నిండుగా ఉంటుంది. రెండూ చట్టబద్ధమే, రెంటికీ గొప్ప పేరే. ఏది మేలు అన్న వాదనకు ముగింపు లేదు, ఉండాల్సిన పనీ లేదు.

వీఎస్, వీఎస్‌ఓపీ, ఎక్స్‌ఓ: వయసు ఎవరిది?

సీసాల మీద వయసు గుర్తుగా వేసే ఈ అక్షరాలు ఫ్రెంచి కాదు, ఇంగ్లిష్. కొనేవారు ఇంగ్లండులో ఉండేవారు కాబట్టి వారి భాషలోనే గుర్తులు పడ్డాయి. వీఎస్‌ఓపీకి అర్థం "ఎంతో మేలైన, పాత, లేత రంగు సారా". చివరి మాట ముఖ్యం: చక్కెర, కారమెల్ పోసి నల్లబరచిన సరుకు బజారులో ఎక్కువగా ఉన్న రోజుల్లో, లేత రంగు కావాలని అడగడం అంటే రంగు పూయని సరుకు కావాలని అడగడం.

ఇప్పుడు ఈ అక్షరాలు చట్టం కొలతలు. వీఎస్‌కు రెండేళ్లు, వీఎస్‌ఓపీకి నాలుగేళ్లు, ఎక్స్‌ఓకు పదేళ్లు. ఎక్స్‌ఓ కొలత 2018 వరకు ఆరేళ్లే ఉండేది. వయసు లెక్క మొదలయ్యే రోజు ఏప్రిల్ 1. 2024 పంటను అదే ఏడాది నవంబరులో కాచారనుకుందాం. పీపాలో చేరినా 2025 మార్చి 31 వరకు దానికి వయసు లేదు. 2025 ఏప్రిల్ 1న సున్నా. 2027 ఏప్రిల్ 1న వీఎస్‌కు, 2029లో వీఎస్‌ఓపీకి, 2035లో ఎక్స్‌ఓకు అర్హత.

చాలామంది తడబడేది దీని తర్వాత. సీసాలో ఉండేది ఒకే పీపా సరుకు కాదు. హైన్ వారి రేర్ వీఎస్‌ఓపీలో ఇరవైకి మించిన సారాలు, ఆంటీక్ ఎక్స్‌ఓలో నలభైకి మించిన సారాలు కలుస్తాయి. ముద్ర మీది వయసు ఆ గుంపులో అందరికంటే చిన్నదానిది. ఇరవై ఏళ్ల సారా తొంభై లీటర్లలో నాలుగేళ్లది పది లీటర్లు కలిపితే, ఆ వంద లీటర్లకూ వీఎస్‌ఓపీ అనే ముద్ర తప్ప మరొకటి దక్కదు. కాబట్టి అక్షరాలు కింది హద్దును చెబుతాయి. పై హద్దు ఎక్కడ ఉందో ఇంటి పేరును నమ్మి తెలుసుకోవలసిందే.

ఇంకో మాట. గాజు సీసాలో సారా వయసు పెరగదు. 1990లో కాచి 2010లో సీసాకెత్తినది నేటికీ ఇరవై ఏళ్లదే. అటక మీద దాచిన సీసా పాతదవుతుంది, లోపలి సరుకు కాదు. ఇళ్లవారు కూడా అతి పురాతన సారాను ఇక చాలనుకున్నప్పుడు పీపా నుంచి తీసి పెద్ద గాజు కూజాల్లోకి మార్చి, మూతి కట్టి, "స్వర్గం" అని పిలుచుకునే గదిలో ఉంచుతారు. అక్కడ కాలం ఆగిపోతుంది.

పేరు పెట్టినవాడి కంటే ముందు పుట్టిన ఇల్లు

ఇప్పుడు పెద్దాయన అడిగిన 1763 దగ్గరికి వద్దాం. అది హైన్ ఇల్లు తన పుట్టుకగా చెప్పుకునే సంవత్సరం. ఆ పేరు ఎవరిదో ఆ థామస్ హైన్ పుట్టింది 1775లో. ఇల్లు పుట్టిన పన్నెండేళ్లకు ఇంటిపేరు పుట్టింది!

కోన్యాక్‌కు తూర్పున కొద్ది దూరంలో, అదే నది ఒడ్డున జార్నాక్ అనే చిన్న ఊరుంది. డబ్లిన్ నుంచి వచ్చిన జేమ్స్ డెలమేన్ అక్కడ సారా వర్తకంలో కుదురుకున్నాడు. ఇంగ్లండులోని డార్సెట్ నుంచి థామస్ హైన్‌ను పదహారేళ్ల వయసులో, 1791లో, ఫ్రెంచి నేర్చుకోమని ఇంట్లోవారు పంపారు. ఫ్రాన్స్ విప్లవంలో ఉన్న కాలం అది. ఇంగ్లిష్‌వాడైనందుకు అతన్ని జార్నాక్ కోటలో బంధించారని ఇంటి కథనం. బయటపడ్డాక డెలమేన్ వర్తకంలో చేరాడు, ఆయన కూతురు ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1817లో ఆ కొఠీ థామస్ హైన్ పేరు మీదికి మారింది. డెలమేన్ పేరుతోనూ జార్నాక్‌లో నేటికీ ఒక కోన్యాక్ ఇల్లుంది. రెండు ఇళ్ల వేళ్లూ ఆ ఐరిష్ పెద్దమనిషి దగ్గరే కలుస్తాయి.

ఇళ్ల పేర్లు చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జీన్ మార్టెల్ జెర్సీ ద్వీపం నుంచి వచ్చాడు, 1715లో ఇల్లు పెట్టాడు. రిచర్డ్ హెనెసీ ఐర్లండు నుంచి వచ్చాడు, 1765లో పెట్టాడు. ఫ్రాన్స్ గర్వపడే ఈ పానీయపు పెద్ద పేర్లలో ఇన్ని సముద్రం అవతలివి. పండించేది స్థానిక రైతు, కాచేది కూడా తరచుగా అతనే. కొని, నిలవ చేసి, కలిపి, దూరదేశాల్లో అమ్మినవాడు వర్తకుడు. "ఇల్లు" అనే మాట ఆ వర్తకుడి గిడ్డంగికీ, అతని కుటుంబానికీ, అతను నిలబెట్టిన రుచికీ కలిపి వాడే పేరు. ఈ వర్తక వాతావరణంలోనే, కోన్యాక్‌లోని సారా వ్యాపారి ఇంట, జీన్ మొనే పుట్టాడు. యువకుడిగా తండ్రి సరుకు అమ్మడానికి దేశాలు తిరిగిన ఆ మనిషే తర్వాత ఐరోపా ఐక్యతకు పునాది వేసినవారిలో ఒకడయ్యాడు.

హైన్ కుటుంబం తరతరాలుగా ఇంటిని నడిపింది. 20వ శతాబ్దపు ద్వితీయార్ధం నుంచి యాజమాన్యం పెద్ద సంస్థల మధ్య చేతులు మారుతూ వచ్చింది. 2013లో మళ్లీ మారింది. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ కొలువుకు కోన్యాక్ సరఫరా చేసే అధికార ముద్ర 1962లో ఈ ఇంటికి దక్కింది. జార్నాక్ దగ్గరి బొన్నెయ్ గ్రామంలో, గ్రాండ్ షాంపేన్ సుద్దనేలలో, ఇంటికి సొంతంగా 70 హెక్టార్ల తోట ఉంది. మన లెక్కలో 170 ఎకరాల పైమాట. హెనెసీ, మార్టెల్, రెమీ మార్టిన్, కూర్వాసియే అనే పెద్ద నాలుగిటి పక్కన ఇది చిన్న ఇల్లే.

బాణీ అంటే ఏమిటి?

ఒక ఇంటి ఆవకాయను తలచుకోండి. ఏటా మామిడికాయ మారుతుంది, మిరపకారం ఘాటు మారుతుంది, నూనె మారుతుంది. అయినా జాడీ మూత తీయగానే అది మా అమ్మమ్మ ఇంటి ఆవకాయ అని తెలిసిపోతుంది. కలిపే చేయి ఆ ఏటి కాయను బట్టి ఉప్పునూ కారాన్నీ సవరించింది కాబట్టే రుచి నిలబడింది. కోన్యాక్ ఇంట్లో ఆ చేయి గిడ్డంగి పెద్దది. ఫ్రెంచిలో అతన్ని "మేత్ర్ ద షే" అంటారు.

అతని కష్టం ఆవకాయ కలిపేవారి కష్టం కంటే ఒక విధంగా పెద్దది. ఈ ఏడాది పీపాకెత్తిన గ్రాండ్ షాంపేన్ సారా ముప్పై ఏళ్ల తర్వాత గాని పూర్తిగా పనికి రాకపోవచ్చు. అప్పటికి అతను ఉండడు. అతను ఇప్పుడు కలుపుతున్నది తనకు ముందున్నవారు దాచినది. ఆవిరి నష్టం వేరే. ఓక్ చెక్క ఊపిరి పీలుస్తుంది. ఏటా దాదాపు రెండు శాతం గాలిలో కలిసిపోతుంది. ఇక్కడివారు దాన్ని "దేవతల వాటా" అంటారు. 350 లీటర్ల పీపాలో పదేళ్లకు 286 లీటర్లు, ఇరవై ఏళ్లకు 234, ముప్పై ఏళ్లకు 191 మిగులుతాయి. పాత కోన్యాక్ ధరలో ఇంటి పేరు కోసం పోయే వాటా ఎంతో గానీ, గాలికి పోయిన వాటా మాత్రం ఇలా లెక్కకు అందుతుంది. ఆ ఆవిరి తిని బతికే ఒక బూజు ఉంది. జార్నాక్‌లో గిడ్డంగుల గోడలు, పెంకులు మసి పట్టినట్టు నల్లగా కనిపించేది అందుకే. ఏ గోడ వెనుక పీపాలు ఉన్నాయో ఊరి రంగే చెప్పేస్తుంది.

మిగిలిన నిర్ణయాలూ చెక్కకు సంబంధించినవే. లిమూజాన్ అడవి ఓక్‌కు వెడల్పు పోగులు. చెక్కలోని వగరు సారాలోకి త్వరగా దిగుతుంది. ట్రాన్సే అడవి ఓక్ పోగులు సన్నం, నిదానంగా దిగుతుంది. కొత్త పీపాలో ఎంతకాలం, పాత పీపాలోకి ఎప్పుడు మార్చాలి, 70 శాతం బలాన్ని నీళ్లు కలిపి 40కి ఎన్నేళ్లలో దించాలి అన్నవన్నీ ఇంటి గుట్టు. హైన్ ఇంటి మొగ్గు తేలికదనం వైపు, పూలూ పండ్లూ వినబడే వైపు. చెక్క గొంతు పైకి రాకుండా చూస్తుంది. నది ఒడ్డు గిడ్డంగుల తేమ ఇందుకు సాయపడుతుంది. ఆ సాయం ఎలాంటిదో బాగా కనిపించేది ఇంగ్లండులో.

ఒకే సారా, రెండు ఊళ్లు

హైన్ ఇంటికి ఇంగ్లండుతో పుట్టుక బంధం ఉంది. పీపా నిండుగా కొని తమ రేవుల్లో నిలవ చేసుకునే అలవాటు ఇంగ్లిష్ వర్తకులకు పూర్వం నుంచీ ఉండేది. కాచిన కొద్ది కాలానికే సముద్రం దాటి బ్రిస్టల్‌కు చేరి, అక్కడి సుంకపు గిడ్డంగిలో ఏళ్ల తరబడి నిలిచిన కోన్యాక్‌ను "ముందుగా దిగినది" అనే అర్థమున్న పేరుతో అమ్ముతారు. ఈ పద్ధతిని నిలబెట్టుకున్న ఇళ్లలో హైన్ ముందుంటుంది.

దీన్ని ఒక ప్రయోగంలా చూడవచ్చు. ఒకే తోట, ఒకే ఏడాది, ఒకే బట్టీ, ఒకే రకం పీపా. ఒక పీపా జార్నాక్‌లో ఉండిపోయింది, మరొకటి బ్రిస్టల్ వెళ్లింది. జార్నాక్‌లో వేసవి వేడి, చలికాలపు చలి. వేడికి సారా వ్యాకోచించి చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికి వెనక్కి వస్తుంది. వస్తూ రంగూ వగరూ తెస్తుంది. బ్రిస్టల్ గిడ్డంగిలో ఏడాది పొడవునా చల్లదనం, గాలి నిండా తేమ. సారా చెక్కలోకి పోయి రావడం తక్కువ. గాలిలో అప్పటికే నీరు నిండి ఉండడంతో పీపా నుంచి నీరు అంతగా పోదు, ఆల్కహాల్ పోతుంది. బలం త్వరగా తగ్గుతుంది. పొడి గిడ్డంగిలో దీనికి తిరుగుడు: నీరు ఎక్కువ పోయి బలం నిలుస్తుంది, రుచి బిరుసెక్కుతుంది.

ఇరవై ఏళ్ల తర్వాత రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే జార్నాక్‌ది ముదురు తేనె రంగులో, ఎండు పండ్లూ చెక్కా కలిసిన వాసనతో ఉంటుంది. బ్రిస్టల్‌ది ఎండుగడ్డి రంగులో, నిమ్మతొక్కనూ తెల్లపూలనూ తలపించేలా ఉంటుంది. వయసులో ఒక్క రోజు తేడా లేదు. ముదురు రంగంటే ముదిరిన సరుకు అని మనలో ఉన్న నమ్మకానికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

బ్రిస్టల్ గిడ్డంగి ఇంకో పనికి కూడా వచ్చింది. 1960ల నుంచి 1980ల చివరి వరకు ఒకే ఏడాది పంట అని సీసా మీద వేసుకోవడాన్ని ఫ్రెంచి అధికారులు కోన్యాక్‌లో అనుమతించలేదు. వయసుకు ఆధారం చూపడం కష్టమని వారి వాదన. ఇంగ్లండులో సుంకపు అధికారుల పుస్తకంలో పీపా దిగిన తేదీ రాసి ఉండేది కాబట్టి అక్కడ ఆ ఆధారం దొరికింది. ఇప్పుడు జార్నాక్‌లో కూడా ఆ పీపాలను ముద్ర వేసి, పర్యవేక్షణలో ఉంచుతారు.

వారసత్వం ఎంతవరకు అదే వారసత్వం?

తాతల నాటి రుచి అదే అదేనని ఇళ్లవారు చెప్పేదాన్ని యథాతథంగా తీసుకోలేం. 1870ల్లో ఫిలోక్సెరా అనే వేరుపురుగు అమెరికా నుంచి వచ్చి ఇక్కడి తోటలను తినేసింది. అంతకుముందు 2,80,000 హెక్టార్ల దాకా ఉన్న ద్రాక్ష, 1893 నాటికి 40,000 చుట్టుపక్కలకు పడిపోయింది. పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద అంటు కట్టడమే మందని తేలినా, చాలా రకాల వేర్లు సుద్దనేలలో పాలిపోయి చచ్చాయి. సుద్దను తట్టుకునే వేర్లు టెక్సస్‌లో దొరికాయి. ఆ ఋణానికి గుర్తుగా అక్కడి డెనిసన్ పట్టణం కోన్యాక్‌కు సోదర నగరం. పాత ద్రాక్ష ఫోల్ బ్లాంష్ అంటు మీద త్వరగా కుళ్లిపోయేది. దాని స్థానంలో ఉన్యీ బ్లాన్ వచ్చి, నేడు దాదాపు తోటలన్నిటినీ ఆక్రమించింది. అంటే థామస్ హైన్ రుచి చూసిన ద్రాక్ష రకమూ నేటిది కాదు, దాని మొక్క వేళ్లూ నేటివి కావు.

అయితే ఏదీ మిగలలేదా? నేల మిగిలింది, బట్టీ ఆకారం మిగిలింది, ఎంచుకునే పద్ధతి మిగిలింది. వారసత్వం అంటే ఆ ఎంపికే అని ఒకవైపు వారి మాట. ప్రకటనల్లో సంవత్సరాలు పెద్ద అక్షరాల్లో వేసేవారు ద్రాక్ష మారిన సంగతి చిన్న అక్షరాల్లోనైనా వేయరని మరోవైపు వారి ఆక్షేపణ. నా దృష్టిలో రెండో మాటలో పస ఉంది. మొదటి మాటను అది కొట్టివేయదు.

కలపడం గురించిన వాదన ఇంకా లోతైనది. కలిపితేనే ఏ ఏడాది లోటూ కనబడకుండా రుచి నిలుస్తుందని, పది స్వరాలు కలిస్తేనే రాగమని సంప్రదాయ ఇళ్ల నమ్మకం. కలిపినప్పుడు తోట పేరు, ఏడాది గుణం చెరిగిపోతాయని, తన తోట సారాను తానే సీసాకెత్తే రైతు వాదన. పైగా రుచీ రంగూ ఒకేలా ఉంచడానికి కాస్త చక్కెర, కారమెల్, ఓక్ చెక్కను నీళ్లలో మరిగించి తీసిన కషాయం కలపడానికి చట్టం హద్దు పెట్టి అనుమతిస్తుంది. కలిపిన సంగతి సీసా మీద రాయడం రివాజు కాదు. కొనేవారికి ఆ సమాచారం అందాలన్న రైతుల, రసజ్ఞుల కోరిక సబబైనదే.

హైన్ ఇంట్లో ఈ రెండు దారులూ ఒకే కప్పు కింద ఉండడం దాన్ని పరిశీలించదగ్గ ఇల్లుగా చేస్తుంది. రేర్, ఆంటీక్ కలిపినవి, ఏడాదేడాదికి మారకూడనివి. బొన్నెయ్ పేరుతో 2005 పంట నుంచి వచ్చినవి ఒకే తోటవి, ఒకే ఏటివి. మారడమే వాటి గుణం. థామస్ హైన్ స్మృతికి చేసిన ఒమాజ్‌లో జార్నాక్ పీపాల్లో ముదిరిన సారానూ, ఇంగ్లండులో ముదిరిన సారానూ కలుపుతారు.

పెద్దాయన పెట్టెను మళ్లీ చదివితే

1763 ఇంటి లెక్క. ఫైన్ షాంపేన్ నేల లెక్క. వీఎస్‌ఓపీ గుంపులో చిన్నదాని లెక్క, అంటే నాలుగేళ్లకు తగ్గదు. సరుకు నిజ వయసు పంట ఏడాది వేసిన సీసా మీదే పూర్తిగా తెలుస్తుంది. ఒక సీసా మీద పంట 1986, బ్రిస్టల్‌లో దిగింది 1988, సీసాకెత్తింది 2006 అని ఉందనుకుందాం. పీపాలో ఉన్నది ఇరవై ఏళ్ల లోపు, అందులో పద్దెనిమిది ఇంగ్లండు తేమలో. ఆ తర్వాత గడిచిన ఏళ్లు గాజువి. ఇదంతా విన్నాక పెద్దాయన ఆ పెట్టెను వెలుతురు వైపు తిప్పి, ఈసారి పెద్ద అంకె వదిలేసి కింద చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టారు.